తెల్ల అంచు కార్డులు

దేశాన్ని బట్టి కాగితం సైజు మారుతుందని నాకు నలభై దాటాక తెలిసింది. తెలిసిన రోజు కాస్త ఆశ్చర్యపోయి ఊరుకున్నాను. ఆ తేడా మా అక్క ఇంట్లోకి వెళ్ళి ఏం చేసిందో బయటపడిన రోజు మాత్రం చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. మా అక్కను బోధన్ పక్కన ఒక ఊళ్ళో ఇచ్చారు. బావ రైతు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ చెరకు వేశాడు, అది మూతపడ్డాక వరికీ పసుపుకూ మళ్ళాడు. చెరకు రోజుల్లో ట్రాక్టరు వరసలో పెట్టుకుని కాంటా కోసం ఒక పూటంతా, ఒక్కోసారి మర్నాటిదాకా కూర్చోవాల్సి వచ్చేది. అక్కడ ట్రాలీల నీడన పత్తాలు పరిచి పేకాట సాగేది. బావ ఆ ఆటలో పేరు మోసినవాడు. అక్కకు పత్తాలంటే ఒళ్ళు మంట. ఇప్పుడు హాస్టళ్ళలో చదువుకుంటున్న పిల్లల్లో పెద్దమ్మాయి పుట్టిన ఏడు గట్టిగా పోట్లాడి మాన్పించింది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి పేకముక్క రాలేదు.

మా అక్క సంగతి ఒకటి చెప్పాలి. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ఎదుటివాళ్ళు బాధపడతారని కూడా మాట మార్చదు. నా పెళ్ళి రోజున అందరూ చీర బాగుందంటుంటే, "నీ రంగుకు గిది కుదరలే చెల్లె" అని మొహం మీదే అంది. అత్తగారు వండిన కూరకు వంక పెట్టింది. ఊళ్ళో ఎవరికైనా నిజం కావాలంటే మా అక్కను అడుగుతారు, వద్దనుకుంటే ఆ వాకిలి ముందు నుంచి నడవరు.

పోయిన వానాకాలం నాట్ల సమయంలో నేను బడిలో ఉండగా అక్క ఫోన్ చేసింది. "మీ బావ చెయ్యి లేస్తలేదు. మోటర్ కాడ కూలబడ్డడు. మాట గూడ వస్తలేదు" అంది. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది. నాకు ఏం జరిగిందో అర్థం కావడానికి కాసేపు పట్టింది. అంబులెన్స్ నిజామాబాద్ ఆసుపత్రికి వచ్చేసరికి నేను గేటు దగ్గర ఉన్నాను. బస్తా ఒంటిచేత్తో ఎత్తి ట్రాలీలో పడేసే మనిషి స్ట్రెచర్ మీద, మూతి ఒక పక్కకు జారి, నన్ను చూస్తూ ఉన్నాడు. ఏదో అడుగుతున్నాడు. ఏమడుగుతున్నాడో తెలియలేదు. నేను తలూపాను. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ప్రాణం దక్కింది. కాలు త్వరగానే కుదుటపడింది. మాట మెల్లగా, ముద్దముద్దగా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చిన్న చిన్న వస్తువులు వేళ్ళతో తీసి పెట్టించమంది. అక్క పళ్ళెంలో శనగలు పోసి ముందు పెట్టింది. బావ పళ్ళాన్ని ఎడమ చేత్తో పక్కకు తోశాడు.

"నేనేమన్న కోడినా, గింజలేరుకోనీకి?"

పక్షవాతం వచ్చాక ఆయన నోట పూర్తిగా వచ్చిన మొదటి మాట అదేననుకుంటాను. అక్క ఆ శనగలనే నానబెట్టి, ఉడికించి గుడాలు చేసేసింది.

అది జరిగిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. గింజలు వద్దన్న మనిషి కార్డులు పట్టుకుంటాడేమో అనిపించింది. కానీ పేకముక్కలు ఆ ఇంటి గడప దాటవు. ఇంటికి వచ్చి ఇంటర్నెట్‌లో వెతికాను. బొమ్మలూ బోర్డులూ మనమే అచ్చు వేయించుకుని ఆడుకునే ఆటలు ఉచితంగా దొరుకుతాయని మా బడి పిల్లల కోసం అంతకుముందు చూసి ఉన్నాను. ఒకటి నచ్చింది. నది దాటే ఆట. బోర్డు మీద వెడల్పాటి నది. కార్డులన్నీ బోర్లా పరుస్తారు. వంతు వచ్చినప్పుడు నచ్చిన కార్డు ఒకటి తీయాలి. పడవ వస్తే దాని మీదున్న అంకె ప్రకారం, బోర్డు మీద మన గుర్తుగా పెట్టుకున్న గవ్వ ముందుకు పోతుంది. సుడిగుండం వస్తే మళ్ళీ బయలుదేరిన ఒడ్డుకు రావాలి. తీసిన కార్డు ఆటలోంచి పోతుంది. ముందు అవతలి ఒడ్డు చేరినవాళ్ళు గెలిచినట్టు.

ఫైళ్ళు ఫోన్‌లో వేసుకుని బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్ళాను. బడి పనులకు ఎప్పుడూ వెళ్ళే షాపే. ఓనరు బోర్డు ఫైలు తెరిచి, వేసి, నాలుగు కాగితాలు చేతికిచ్చాడు. కౌంటరు మీదే పక్కపక్కన పెట్టి చూశాను. నది కలవలేదు. పై కాగితంలో నీలం ఒక చోట ఆగితే కింది కాగితంలో ఇంకో చోట మొదలైంది. మధ్యలో తెల్లటి ఖాళీ. ఒక పక్క ఒడ్డు చెట్లు సగానికి తెగాయి.

"మిషన్ల ఖరాబ్ లేదు మేడం. పొద్దుగాల సంది మంచిగనే వస్తున్నయి" అన్నాడాయన. స్క్రీను నా వైపు తిప్పాడు. "గిదేందో లెటర్ అని చూపెడుతుంది. నేనైతే లెటర్ అంటె ఉత్తరం రాసే కాగితం అనుకున్న ఇన్నేండ్లు."

నేనూ అదే అనుకునేదాన్ని. ఫోన్‌లో వెతికి చూస్తే అమెరికాలో వాళ్ళ మామూలు కాగితం పేరు అది. మన ఏ ఫోర్ కన్నా కొంచెం వెడల్పు, ఒక వేలి మందం పొట్టి. ప్రపంచమంతా ఒకే కాగితం మీద రాస్తుందనీ, పరీక్ష పేపరైనా కోర్టు కాగితమైనా ఎక్కడికి పోయినా ఇదే ఉంటుందనీ నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. భూమి మీద ఉన్న దేశాల గురించి పాఠాలు చెప్పేదాన్ని.

పడవ కార్డులు ఏ ఫోర్‌లో పట్టేట్టు కుదించి వేశాడు. సుడుల ఫైలు వేరేగా ఉంది. అప్పటికి జనం ఎక్కువయ్యారు, సెట్టింగు మారిపోయిందేమో, అవి అసలు సైజులోనే వచ్చాయి. మళ్ళీ వేయించడం ఎందుకని తీసుకొచ్చేశాను. ఇంట్లో ఒక పడవ కార్డును కొలతగా పైన పెట్టి సుడులను కూడా అంతే కత్తిరించాను. తెగిన నదిని టేపుతో అతికించాను. వెనక వైపు నీలం అలల డిజైను కొన్నింటికి సరిగ్గా కూర్చోలేదని గమనించాను. మొదటిసారి చేసింది కదా అని వదిలేశాను.

మరుసటి ఆదివారం అక్క ఇంటి ముందు అరుగు మీద పరిచాను. అక్క మొదట కార్డులను తిప్పి తిప్పి చూసింది.

"గివి పత్తాలు కావు గదా?"

"కాదక్కా. చిన్నపిల్లల ఆట. పడవలు, సుడులు."

"అట్లయితే సరే" అని కూర్చుంది. నేనూ అక్కా ఆడుతుంటే బావ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు కార్డులు తీసేసరికి ఇటు తిరిగాడు. ఇంకాసేపటికి లేచి కూర్చున్నాడు. అక్క సుడిలో పడింది. బావ నోట్లో ఏదో అన్నాడు.

"ఏందట?" అంది అక్క.

"గది తియ్యొద్దుండె అంటున్న."

"నీకు తెలిస్తే నువ్వే వచ్చి తియ్యి."

వచ్చాడు. కుడి చేత్తోనే తీయాలని అక్క షరతు పెట్టింది. మొదటి కార్డు తీయడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు కార్డు మీద జారాయి, అంచు దొరకలేదు. నేను సాయం చేయబోతే అక్క నా మోచేయి పట్టి ఆపింది. చివరికి కార్డు లేచింది. పడవ. బావ మొహంలో జారిన వైపు కూడా కొంచెం కదిలింది.

ఆ రోజు బావే గెలిచాడు. తర్వాతి ఆదివారం కూడా. నేను లేని రోజుల్లో వాళ్ళిద్దరూ రోజూ ఆడుతున్నారని అక్క ఫోన్‌లో చెప్పేది. ముగ్గురం ఆడితే ఎప్పుడైనా నేను గెలిచేదాన్ని. ఇద్దరే ఆడితే మాత్రం ఎప్పుడూ బావదే గెలుపు. అక్క అదృష్టం చూస్తే జాలేసేది. అవతలి ఒడ్డుకు ఒక్క అడుగు ఉందనగా వెళ్ళి సుడినే తీసేది. "నీకు నీళ్ళ గండం ఉన్నది" అని బావ ఎగతాళి చేసేవాడు. మాట తేటపడింది. చలికాలం వచ్చేసరికి ఆ చేత్తో గ్లాసు పట్టుకుంటున్నాడు. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. ఊరివాళ్ళు పలకరించడానికి వస్తే, "దీన్ని ఓడగొట్టుడే నా పని ఇప్పుడు" అని అక్కను చూపించేవాడు. అక్క ఒక్క మాట అనేది కాదు. అదొక్కటే నాకు వింతగా ఉండేది.

కార్డులు నలిగిపోయాయి. మంచివి చేయించి ఇద్దామని మళ్ళీ ఆ వెబ్‌సైటు తెరిచాను. అదే పేజీలో కిందికి వెళ్తే ఏ ఫోర్ వాళ్ళ కోసం వేరే ఫైలు పెట్టి ఉంది. మొదటిసారి నేను చూడనే లేదు. ఈసారి మందపాటి అట్ట మీద వేయించి, షాపులో మిషను మీదే కోయించాను. నది ఎక్కడా తెగలేదు. వెనక అలలు ప్రతి కార్డు మీదా ఒక్కలాగే కూర్చున్నాయి. ఎంత ముచ్చటేసిందంటే బస్సులో రెండుసార్లు బయటికి తీసి చూసుకున్నాను. అక్క చేతికి కొత్త సెట్టు ఇచ్చి పాతది నా సంచిలో వేసుకొచ్చేశాను.

రెండు వారాల తర్వాత వెళ్తే బావ మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆట డబ్బా సజ్జ మీద ఉంది. ఆడదామా అని అడిగాను.

"నువ్వు తెచ్చిన కొత్తది మంచిగ లేదు. చేతికి జారుతుంది" అన్నాడు. అన్నం కూడా ఎడమ చేత్తో తిన్నాడు. నాకు భయమేసింది. మళ్ళీ ఏమైనా వచ్చిందా, డాక్టరుకు చూపిద్దామా అని అక్కను అడిగాను. అక్క కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేను ఆటో ఎక్కబోతుంటే దగ్గరికి వచ్చింది.

"గా పాతవి పారేసినవా?"

"లేదు. ఇంట్లోనే ఉన్నాయి."

"అవి తే. మీ బావకు అవే అలవాటైనయి."

మర్నాడు బడి నుంచి వచ్చి, టీ పెట్టుకుని, పాత కార్డులు తీశాను. ఏవైనా తగ్గాయేమో చూద్దామని టేబుల్ మీద బోర్లా పరిచాను. కొన్నింటికి ఒక పక్క అంచున సన్నటి తెల్ల గీత కనపడింది. కత్తిరించినప్పుడు చూసి వదిలేసిందే. కొన్నింటికే ఎందుకుందా అనుకుంటూ ఆ గీత ఉన్నవాటిని వేరు చేశాను. ఒకటి తిప్పాను. సుడి. ఇంకొకటి తిప్పాను. సుడి. అన్నీ తిప్పాను. ఒక్క పడవ కూడా లేదు. ఆ రోజు షాపులో సైజు మారిపోయిన ఫైలు అది. కుదించనివాటిని నేను పడవల కొలతకు కోసినప్పుడు వెనక డిజైను పక్కకు జరిగి, అంచున తెలుపు మిగిలిపోయింది.

నేను దొంగ కార్డులు తయారు చేసి ఇచ్చానన్నమాట. ఎవరికైనా కనపడి ఉంటుందా? కనపడి ఉంటే గెలుపోటములు ఆ మనిషి చేతిలోనే ఉంటాయి కదా, అనుకున్నాను. అప్పుడు అక్క గుర్తొచ్చింది. ఎన్ని కార్డులున్నా వెళ్ళి సుడినే తీసే అక్క. అన్నిసార్లు అదృష్టం ఎవరికీ అంత చెడ్డగా ఉండదు. ఆమె చూసే తీసింది. సుడులన్నీ తను తీసేసుకుంటే ఆయనకు పడవలే మిగులుతాయి.

చీర బాగాలేదని పెళ్ళిపీటల ముందు చెప్పిన మనిషి. నెలల తరబడి, రోజూ, బావ కళ్ళల్లోకి చూస్తూ కావాలని ఓడింది. టీ చల్లారిపోయింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. నాకు తెలిసిన అక్కను ఎవరో ఎత్తుకెళ్ళి ఆ స్థానంలో వేరే మనిషిని కూర్చోబెట్టినట్టు అనిపించింది.

ఆదివారం పాత కార్డులు తీసుకెళ్ళాను. అక్క పెరట్లో బియ్యం చెరుగుతోంది. పక్కన కూర్చుని, ఒక సుడి కార్డు బోర్లా పట్టుకుని, తెల్ల గీత మీద వేలు పెట్టి చూపించాను. చేట ఆగింది.

"ఎప్పటి సంది ఎరుక?" అన్నాను.

"మొదటి రోజు సంది. పెండ్లికి ముందు ఎన్నేండ్లు బీడీ ఆకు కత్తిరించిన నేను? అంచు నాకు కనపడదా?"

"నువ్వు అబద్ధమాడవు కదక్కా."

"నేనేం అబద్ధమాడిన? నోటితోని ఒక్క మాటన్న అన్ననా?" కాసేపు బియ్యం చెరిగింది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "మోటర్ కాడ పడ్డప్పుడు నా మొహం చూసి ఏడ్చిండు. ఎన్నడు ఏడ్వలే ఆయన. గా తర్వాత ఆ చెయ్యిని చూసుడే బంద్ చేసిండు. ఆటల గెలిచిన రోజు చూసిండు. గంతే. నువ్వు చెప్పకు."

చెప్పనన్నాను.

మధ్యాహ్నం అక్క బర్రెకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది. బావ నన్ను పిలిచాడు. పాత కార్డులు మంచం మీద పరుచుకుని ఉన్నాడు. మొహం తేటగా ఉంది.

"మరదలా, గివే మంచిగున్నయి."

"అలవాటు కదా బావా."

ఆయన వాకిలి వైపు ఒకసారి చూశాడు. కుడి చేత్తో ఒక కార్డు తీసి, బొటనవేలితో దాని అంచు తడిమాడు. తెల్ల గీత ఉన్న అంచు.

"గిది సుడి" అన్నాడు. తిప్పాడు. సుడే. "ఎన్నేండ్లు ఆడిన పత్తాలు? అట్ట ఎనక సూడకుండ ముక్క తీస్తనా నేను? గివి ఇడిసిపెట్టి పడవలు తీసుకుంట వస్తున్న." గొంతు తగ్గించాడు. "మీ అక్కకు చెప్పకు. ఆమెకు తెల్వదు. తెలిస్తే మల్ల నాతోని ఆడదు."

నేను ఆ కార్డును మళ్ళీ బోర్లా తిప్పి పెట్టాను. ఆయన దాన్ని తప్పు పట్టడం అనుకున్నాడేమో, తల దించుకుని, "ఈ చెయ్యితోని ఓడుడు నాతోని కాలే" అన్నాడు.

చెప్పనని ఆయనకూ మాటిచ్చాను. బస్సులో ఒకసారి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఒకే అరుగు మీద మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఒకే గీతను చూస్తూ, ఎదుటి మనిషికి అది కనపడలేదని ఇద్దరూ నమ్మారు. ఇరవై ఏళ్ళు దాటింది వాళ్ళ పెళ్ళయి.

తర్వాతి ఆదివారాలు నాకు నరకం. వాళ్ళ మధ్య కూర్చుని ఆడేదాన్ని. అక్క చెయ్యి తెల్ల గీత మీదికి వెళ్ళేది, బావ చెయ్యి దాన్ని తప్పించుకుని వెళ్ళేది. నేను బోర్డు వంక చూస్తూ ఉండేదాన్ని.

పసుపు తవ్వకాలు మొదలయ్యాక ఒక ఆదివారం, నేనక్కడ ఉండగానే, బావ ఒక్కడే పొలానికి పోయి మోటారు వేస్తానన్నాడు. అక్క వద్దంది. మాట మాట పెరిగింది.

"నా దిమాగ్ మంచిగనే ఉన్నది. ఇన్ని నెలల సంది నిన్ను ఓడగొడ్తలేనా?" అన్నాడు బావ.

"నేను సుడులు తీసుకుంటే గెలిచినవ్."

అని, అక్క నోరు మూసుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది.

"నువ్వు తీసుకునుడేంది?" బావ నిలబడ్డాడు. "తెల్లంచు సూసి నేను ఇడిసిపెట్టిన."

ఇద్దరూ ఒకరినొకరు అలా చూడటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. బావ మెల్లగా మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది, అక్కడ చెమట లేకపోయినా.

"అంటే, నువ్వు కావాలని ఓడినవా?"

"అంటే, నేను ఉత్తగనే ఓడిన్నా?"

ఇద్దరూ దాదాపు ఒకేసారి అన్నారు. తర్వాత ఇద్దరి తలలూ నా వైపు తిరిగాయి.

"నీకు ఎరుకనా?" అంది అక్క.

అబద్ధం చెబుదామనుకున్నాను. అక్క ముందు కుదరలేదు. "ఎరుకే" అన్నాను.

"ఇద్దరి మాటలు ఇనుకుంట సప్పుడు జెయ్యక కూసున్నవా?"

బావ కూడా నా వంకే చూశాడు. అంతదాకా ఒకరి మీద ఒకరికున్న కోపమంతా నా మీదికి మళ్ళింది. అక్క పాత కార్డులను బోర్డుతో సహా తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పడేసింది. ఆ పూట అన్నం ఎవరికి వాళ్ళం తిన్నాం. నన్ను ఆటో దాకా సాగనంపడానికి ఎవరూ రాలేదు. బోధన్ బస్టాండులో కూర్చుని, ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినపడుతుందా అని ఆలోచించాను. ఒక కాగితం సైజు సంగతి ఇంతదాకా వస్తుందని ఎవరికి చెప్పుకోను?

వారం రోజులు ఫోన్ రాలేదు. నేను చేస్తే అక్క ఎత్తలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం తనే చేసింది. పసుపు ఉడకబెట్టడం గురించీ, బర్రె ఈనడం గురించీ చాలాసేపు చెప్పింది. బావ ఎలా ఉన్నాడని భయపడుతూనే అడిగాను.

"పొలం కాడికి పోయొస్తుండు. నేను ఎనక పోతున్న, ఆయనకు కనపడకుంట. కొత్త డబ్బా కిందికి దింపిండు మొన్న."

"ఆడుతున్నారా?"

"ఆడక ఏం జేస్తం? కుడి చెయ్యితోనే తీస్తుండు. తెల్లంచు లేదు, కొసరు లేదు. ఇయ్యాల మూడుసార్లు ఓడిండు. బేజారై అన్నం గూడ తినలే."

"మరి నువ్వు?"

"నేను తిన్న" అంది అక్క.